భూపాల్ సేటు అరగదీసిన లారీ యాక్సిల్

భూపాల్ సేటు చాయ్ గిలాస పట్టుకొని కాలు మీద కాలేసిండంటే, ఎదురుంగ కూసున్నోళ్లు తమ బస్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇబ్రహీంపట్నం బస్టాండు ముందట సయీద్ హోటల్ల ఇది అందరికీ ఎరుకైన ముచ్చటే. పక్క గల్లీల ఆయనకు ఒక వాచ్‌ల దుకాణం ఉన్నది. దుకాణమంటే ముందల సెల్‌ఫోన్ కవర్లు, టీవీ రిమోట్లు, గోడ గడియారాలు. వెనుక ఒక అద్దాల పెట్టె, దాని మీద అన్ని రకాల వాచీలు రిపేరు చేస్తమని బోర్డు. ఎవరు చేస్తరో మాత్రం ఆ బోర్డు మీద లేదు.

చేసేది గులాబ్ బీ. ఈ సంగతి గులాబ్ బీకి ఎరుక, భూపాల్‌కు ఎరుక, పైనున్న అల్లాకు ఎరుక. నాలుగో మనిషికి తెల్వదు. తొమ్మిదేండ్ల కింద ఆమె మొగడు ముఖీమ్ పోయినప్పుడు, ఆయన సన్నటి ముక్కలు పట్టే చిమటాలు, కంటద్దం మూట గట్టుకొని ఆమె భూపాల్ దుకాణానికి వచ్చింది. "ఆడామె చేతికి వాచ్ ఇస్తరా ఎవలన్న? నువ్ ఇంట్ల కూసొని చెయ్యి, నేను నా పేరు మీద నడిపిస్త," అన్నడు సేటు. గట్లనే నడుస్తున్నది. పని ఆమెది, పేరు ఆయనది.

"ఇయ్యాల దుకాణం దిక్కు రాకు," అని సేటు పొద్దుగాల ఫోన్ చేసి చెప్పిండు. అందుకే వచ్చింది. హోటల్ బయట బల్ల చివరన కూసొని, చాయ్ తెప్పిచ్చుకొని, కొంగు సదురుకొని బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నది. కండ్లు మాత్రం లోపలి టేబుల్ మీదున్న చెక్క పెట్టె మీదనే ఉన్నయ్.

ఆ పెట్టెను మంచాల ఊరి నుంచి పరమేశ్వర్ తెచ్చిండు. అరవై దాటిన మనిషి, బడి పంతులు చేసి రిటైరైండు. ఆయన బాపు రైల్వేల గార్డు. బాపు జేబు గడియారం ముప్పై ఏండ్ల కింద ఆగిపోతే, పట్నంల పెద్ద పెద్ద దుకాణాలోళ్లు గూడ చేతులెత్తేసిండ్రు. గసొంటి మిషన్ ఇప్పుడు దొరకదు, సామాన్లు అసలే దొరకయ్ అన్నరు. నాలుగు నెలల కింద భూపాల్ చేతిల పెట్టిండు. ఇయ్యాల తీస్కపోను వచ్చిండు.

"మా బాపు రిటైరైనంక ఇంట్ల కూసొని గడియారాలు బాగు చేసుకునేటోడు," అన్నడు పరమేశ్వర్. "తన గడియారం మాత్రం తనతోని కాలే. గా రంధి తోనే పోయిండు. పొయ్యే ముందల నా చెయ్యి పట్టుకొని, నా గడియారం నడిపిచ్చిన చేతులకే నా లేతు మిషన్ ఇయ్యి బిడ్డా అన్నడు. గందుకే ఎంటవెట్టుకొని వచ్చిన. ఎట్ల చేసినవో జర చెప్పు భూపాల్, ఇంటికి పోయి మా అమ్మకు చెప్పాలె."

జర చెప్పమన్నడు పాపం. భూపాల్ కాడ జర అనే కొలతే లేదు.

గులాబ్ బీ గిలాస పట్టుకొని లోపటి దిక్కు తిరిగి కూసున్నది. పెట్టెల ఉన్నది ఏందో ఆమెకు మూత తెరవకుంటనే ఎరుకైంది. చేతితోని తిప్పే చిన్న లేతు, గడియారం చక్రాల ఇరుసులు అరగదీసేది. ముఖీమ్ బతికినన్నాళ్లు దాని కోసమే కలవరిచ్చిండు, దొరకలే. అది లేక ఆమె ఇప్పటికీ విల్లు లెక్కుండే కమానుతోనే చేస్తది. ఎడమ చేత్తోని కమాను లాగుకుంట, కుడి చేత్తోని ఉలి పట్టుకొని, సూదిమొన కన్న సన్నగ చెక్కాలె. ఒక్కటి నిలిచేసరికి నాలుగు ఇరుగుతయ్, మణికట్టు గుంజుతది. అది ఇంట్ల ఉంటే ఏ సేటు గడపా తొక్కే పని లేదు. పట్నం పోయి, నేను గులాబ్ బీని, గడియారం మెకానిక్‌ని అని నోరు తెరిచి చెప్పుకోవచ్చు.

ఇగ భూపాల్ దాన్ని ఏం జేస్తడంట? లేతు తెస్తున్నని పరమేశ్వర్ నిన్న ఫోన్ల చెప్పిండంట. ఆయన రాకముందే భూపాల్ సయీద్ చెవుల చెప్పిండు, ఆమె ఇన్నది. తుక్కుగూడ కాడ హైవే మీద కొత్తగ పెద్ద హోటల్ పడ్డదంట, గాళ్లు పాత సామాన్లు అద్దాల పెట్టెల షోకు పెడతరంట. గాళ్లకు అమ్ముతడంట.

భూపాల్ గొంతు సవరిచ్చుకున్నడు.

"ముందుగాల ఒక మాట ఇను పరమేశ్వరన్నా. గిసొంటి గడియారాలు దేశం మొత్తం మీద మూడే ఉన్నయ్. ఒకటి మ్యూజియంల ఉన్నది, ఒకటి సముద్రంల పడ్డది, మూడోది నా చేతుల పడ్డది. మూత తీసి చూసిన. ఏమున్నది లోపట? ఇరుసు ఇరిగింది, హెయిర్ స్ప్రింగ్ చిక్కుపడ్డది, ఒక రాయి పగిలింది. ఇంకోడైతే దండం పెట్టి పంపిచ్చేటోడు. నేను పంపిస్తనా? మూడు బేస్తారాలు పట్నం పోయిన. జుమ్మేరాత్ బజార్ల పాత ఇనుము కుప్పలు ఎతికి ఎతికి, ఆఖరికి దీని తోడబుట్టిందాన్ని పట్టుకొచ్చిన. అది సచ్చిపోయి ఉండె, గని అవయవాలు మంచిగున్నయ్."

"శభాష్!" అన్నడు ఆటో శ్రీశైలం. ఆయన ఆటో బస్టాండు ముందటనే ఉంటది గని, ఆయన మాత్రం ఎప్పుడూ సయీద్ హోటల్లనే ఉంటడు.

ఇంతవరకు నిజమే. పోయిన కాళ్లు వేరే, గంతే. మూడు బేస్తారాలు తొలి బస్సుకు పోయి, ఎండల నెత్తిన కొంగేసుకొని, తుప్పు కుప్పల ముందట గొంతుక్కూసున్నది గులాబ్ బీ. భూపాల్‌ను గా బజార్ల ఇడిస్తే ఇంటికి తొవ్వ దొరకక ఏడుస్తడు.

"మరి ఇరుసు దొరికిందా?" అని అడిగిండు పరమేశ్వర్.

"దొరికితే నా గొప్పేమున్నదన్నా? దాంట్ల ఇరుసు గూడ ఇరిగే ఉండె. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? సాగర్ రోడ్డు మీద ఒక లారీ పల్టీ కొట్టింది. నేను గాడికి పోయి, దాని యాక్సిల్ ఇప్పించుకొని, ఆటోల ఏసుకొని దుకాణానికి తెచ్చిన. మంచి ఉక్కు, గసొంటిది మల్ల రాదు. ఇగ పట్టుకున్న ఆకురాయి! పొద్దు లేదు, మాపు లేదు, అరగదీసిన, అరగదీసిన, అరగదీసిన. మూడో దినానికి గా లారీ యాక్సిల్ వెంట్రుక మందం అయింది!"

"లారీ యాక్సిల్?" అన్నడు సయీద్, చాయ్ వడకట్టేది ఆపి.

"పది చక్రాల లారీది. గా రాలిన రజను పారబోస్తే పాపమని, శేరిగూడ కాలేజీకి ఇచ్చిన. దాంతోని గేటు చేయించుకున్నరు. పోయి చూడు, ఇప్పటికీ ఉన్నది."

గులాబ్ బీ ఆ ఇరుసును కుట్టు మిషన్ సూదితోని చేసింది. పదకొండు దినాలు పట్టింది. నాలుగు సూదులు ఇరిగినయ్, ఐదోది నిలిచింది. ఆ పొద్దు మణికట్టుకు పసుపు పట్టేసుకొని, ఒక్కతే కూసొని నవ్వుకున్నది. గా పదకొండు దినాల్ల భూపాల్ ఒక్కసారి ఫోన్ చేసిండు, ఇంక కాలేదా అని.

"రాయి సంగతి ఇంకా చెప్పలేదు సేటూ," అని ఎగదోసిండు శ్రీశైలం.

"వస్తున్న. గడియారంల రాయి అంటే కెంపు. గా చచ్చిన గడియారంల మంచిది ఒకటి ఉండె, గని నాకు నచ్చలే. రంగు తక్కువున్నది. మా అత్త ముక్కుపుడకల అసలైన రాయి ఉన్నది. అడిగితే ఇయ్యదు. ఏం జేసిన? మిరపకాయలు పొయ్యిల ఏసిన. ఆమె తుమ్మింది. గా తుమ్ముకు రాయి ఊడి ఎగిరింది. గాలిలనే చిమటాతోని పట్టి, గట్ల తెచ్చి గిట్ల గడియారంల కూసోవెట్టిన. కింద పడనిస్తనా?"

బల్ల మీదోళ్లు ఘొల్లుమన్నరు. పరమేశ్వర్ గూడ నవ్విండు గని, ఆయన మొకం మీద జర పరేషాన్ కనవడ్డది. మా అమ్మకు ఏం చెప్పాలె అని ఆలోచిస్తున్నట్టున్నడు.

గులాబ్ బీకి నవ్వు రాలే. సిగ్గులేని మనిషి, అనుకున్నది. లేచి చెప్పేద్దామా? చెప్తే ఎవలు నమ్ముతరు? నమ్మినా, రేపటి సంది సేటు పని బందు పెడతడు. లేతు రాక, ఉన్న పని పోతే? తొమ్మిదేండ్ల సంది గొంతు కాడికొచ్చిన మాటను చాయ్‌తోని మింగుతనే ఉన్నది. ఇయ్యాల గూడ మింగింది.

"హెయిర్ స్ప్రింగ్ అన్నవ్ గదా?" అన్నడు పరమేశ్వర్.

"హా! గదే అసలు కథ. గా స్ప్రింగ్ వెంట్రుక కన్న సన్నం, ముట్టుకుంటే చుట్టుకుంటది. దాన్ని సాఫు చేసుడు మనిషితోని కాదు. ఆలోచన చేసిన. దుకాణం మూలకు ఒక సాలెపురుగు ఉండె. దాన్ని పట్టి సీసాల ఏసిన. ఏడు దినాలు తిండి బందు. ఉక్కు రజను తప్ప ఇంకేం పెట్టలే."

"రజను గేటుకు పోయింది గదా?" అన్నడు శ్రీశైలం.

"మిగిలింది! మధ్యల మాట్లాడకు. ఎనిమిదో దినానికి గా సాలెపురుగు ఉక్కు దారం వడికింది. చుట్టలు చుట్టలుగ, లెక్క తప్పకుండ! పదమూడు చుట్టలు! గదే ఇప్పుడు గీ గడియారంల కొట్టుకుంటున్నది. గా పురుగు ఇప్పటికీ మా దుకాణంలనే ఉన్నది. బరువెక్కి గోడ మీద నిలువలేకపోతున్నది, కింద నడుస్తున్నది."

పదమూడు చుట్టలన్నది గులాబ్ బీయే ఆయనకు చెప్పింది. రెండు చిమటాలతోని, ఫ్యాన్ బందు పెట్టి, ఊపిరి తగిలితే ఎగిరిపోతదని మూతికి దస్తీ కట్టుకొని, ఒక్కొక్క చుట్ట ఇప్పింది. చెమట కండ్లల్లకు కారినా తుడుచుకోలే. ఆ కష్టం పోయి సాలెపురుగు ఖాతాల పడ్డది. భూపాల్ ఖాతాల పడ్డా ఇంత బాధ ఉండకపోతుండె.

"బిగిచ్చేటప్పుడైతే," భూపాల్ లేచి నిలవడ్డడు, కూసొని చెప్తే ఆగేటట్టు లేదు, "ఊపిరి తీస్తే చక్రం కదులుతది. గందుకని ఊపిరి తీయలే. నాలుగు గంటలు! మా ఇంటిది చూసి లబోదిబోమని మొత్తుకొని దవాఖానకు తీస్కపోయింది. డాక్టర్ నాడి పట్టి, పోయిండు, ఇంటికి తీస్కపోండ్రి అన్నడు. నేను మంచం మీదనే, గడియారం గుండె మీద పెట్టుకొని ఆఖరి స్క్రూ బిగిచ్చి, అప్పుడు తీసిన ఊపిరి! డాక్టర్ పడిపోయిండు. ఆయననే అడ్మిట్ చేసిండ్రు."

"ఇగ నడిచిందా?"

"నడుసుడా? గది టిక్కుమనంగనే గీ మండలంల సచ్చిన గడియారాలన్ని లేచినయ్. మంచాలల నీ ఇంట్ల గోడ గడియారం నడవలేదా అన్నా? యాది చేసుకో! తుక్కుగూడల ఒకని చేతికి నంబర్ల వాచ్ ఉంటే, దానికి ముల్లులు మొలిచినయ్. పొద్దు పొడిచేటప్పుడు సూర్యుడు మా దుకాణం ముందట ఒక్క నిమిషం ఆగి, గీ గడియారం చూసుకొని పోతుండు. వెయ్యేండ్లకు ఒక్క సెకండ్ గూడ తేడా రాదు. ఇంకో ముచ్చట చెప్పాల్నా? వారం దినాల సంది మన బస్సులన్నీ టైముకే వస్తున్నయ్!"

సూర్యుని దాక తలలూపినోళ్లు బస్సు కాడికొచ్చేసరికి ఒక్కసారే లేచిండ్రు. "సూర్యుడు ఆగిండంటే ఆగిండేమో అనుకున్నం సేటూ," అన్నడు సయీద్, "గని బస్సు టైముకొచ్చిందంటే మేమెట్ల నమ్మాలె?"

"ఇగో, నమ్మకుంటే చూడుండ్రి!" అని భూపాల్ జేబుల నుంచి గడియారం తీసి, పైనున్న గుండీ పట్టుకొని గిర్రున చావి ఇచ్చిండు. గడియారం టిక్కుటిక్కుమన్నది. పరమేశ్వర్ దగ్గరికొచ్చి, రెండు చేతులల్లకు తీసుకొని చెవి కాడ పెట్టుకున్నడు. ముప్పై ఏండ్ల సంది ఇనని సప్పుడు. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

తర్వాత గడియారం మొకం చూసిండు. "భూపాల్, ఇది నాలుగుంపావు చూపిస్తున్నది. ఇప్పుడు పదకొండైతుంది గదా?"

నిన్న మాపటికి గులాబ్ బీ అప్పగిచ్చేటప్పుడే చావి సరిపోదు, పండుకునే ముందు మల్ల ఇయ్యి అని చెప్పింది. ఇయ్యలే. అర్థమైపోయింది ఆమెకు, తెల్లారగట్ల ఆగింది.

"గది... గది పుట్టిన దేశం టైమ్ అన్నా," అన్నడు భూపాల్. "పుట్టిన ఊరు మరుస్తదా?"

"మన టైమ్ పెట్టియ్యి మరి. మా అమ్మ సూస్తది."

"ఎంతసేపు!" అని భూపాల్ గుండీ పట్టుకొని పైకి గుంజిండు. రాలే. గట్టిగ గుంజిండు. రాలే. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, చావి ఎక్కుతున్నది గని ముల్లులు కదుల్తలేవు. పండ్లతోని పట్టి గుంజిండు. "కొత్తగ బిగిచ్చిన గదా, జర గట్టిగున్నది," అనుకుంట సయీద్ దిక్కు చెయ్యి చాపిండు. "గా పట్కారు ఇటియ్యి!"

సయీద్ పొయ్యి మీది గిన్నె దించే పట్కారు ఇచ్చిండు. భూపాల్ గడియారాన్ని టేబులుకు అదిమిపెట్టి, గుండీకి పట్కారు తగిలిచ్చిండు.

"ఆగూ!"

హోటల్ మొత్తం తిరిగి చూసింది. గులాబ్ బీ చాయ్ గిలాస ఎటు పడ్డదో ఆమెకే తెల్వదు. వచ్చి భూపాల్ చేతి కింది నుంచి గడియారం గుంజుకొని గుండెకు అదుముకున్నది.

"పట్కారు పెడతవా? దీనికి పట్కారు పెడతవా? నాలుగు నెలలు నా కండ్లు పీక్కపోయినయ్, నా మణికట్టు పోయింది, ఒక్క గుంజుడుకు ఖతం చేస్తవా? నీకు దయ లేదా?"

గొంతు ఎంత లేచినా ఆమె చేతులు మాత్రం అదురుతలేవు. గడియారం ముందటి అద్దాన్ని అరచేత్తోని అదిమి, మెల్లగ మరలాగ ఇప్పింది. ముల్లుల పళ్లెం అంచుకు, గోరంత ఇనుప నాలుక ఒకటి దాక్కొని ఉన్నది. దాన్ని గోరుతోని బయటికి గుంజింది. ఇప్పుడు గుండీ తిప్పితే ముల్లులు తిరిగినయ్. సయీద్ గోడ గడియారం చూసి పదకొండు గొట్టి రెండు నిమిషాలు పెట్టి, నాలుకను లోపలికి తోసి, అద్దం బిగిచ్చింది.

"రైలు గార్డుల గడియారం అన్నా ఇది," అన్నది పరమేశ్వర్‌తోని. "చావి ఇయ్యంగ పొరపాటున టైమ్ జరగొద్దని గిట్ల చేసిండ్రు. అద్దం ఇప్పందే టైమ్ మారదు. దీన్ని బాగు చేసినోళ్లు గీ అద్దం వందసార్లు ఇప్పి పెట్టాలె. నిన్న సేటుకు చూపిస్తా అన్న. నాకే నేర్పుతవా అన్నడు."

పరమేశ్వర్ ఆమె చేతులు చూసిండు. వేలి కొసలకు సూది గీతలు, గోరు మూలలల్ల నల్లటి నూనె. భూపాల్ చేతులు చూసిండు. రెండు ఉంగరాలు ఉన్నయ్.

"చెల్లె, చేసింది నువ్వా?"

"అవ్ అన్నా. నేనే చేసిన. లారీ లేదు, సాలెపురుగు లేదు. ఇరుసు కుట్టు మిషన్ సూదితోని చేసిన. రాయి, ఇంకో రెండు చక్రాలు జుమ్మేరాత్ బజార్ల దొరికిన గడియారంల నుంచి తీసిన. మా ఆయన ముఖీమ్‌కు చూపు తగ్గినప్పుడు పక్కన కూసోవెట్టుకొని నేర్పిచ్చిండు. మీ అమ్మకు గిదే చెప్పు."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?"

"అడిగినోళ్లు లేరు."

సూర్యుని ఆపిన మనిషి పట్కారు దిక్కు, పరమేశ్వర్ దిక్కు మార్చి మార్చి చూసిండు. "గదే చెప్తున్న గదా," అన్నడు ఆఖరికి భూపాల్, "నేనే దగ్గరుండి నేర్పిన ఆమెకు. నా శిష్యురాలు! గా అద్దం ఇప్పుడు గూడ..."

"సేటూ," అన్నడు సయీద్, "ముందుగాల నా పట్కారు కిందవెట్టు, తర్వాత నేర్పు."

నవ్వుడు మొదలైతే ఆగలే. శ్రీశైలం బల్ల మీది నుంచి జారి కింద కూసొని నవ్విండు. బయట టికెట్టు కోసం నిలవడ్డోళ్లు గూడ ఏందో తెల్వకుంట నవ్విండ్రు. భూపాల్ చేతిల పట్కారు అట్లనే ఉన్నది.

పరమేశ్వర్ నవ్వలే. చెక్క పెట్టె రెండు చేతులతోని ఎత్తి, గులాబ్ బీ ముందట పెట్టి మూత తీసిండు. లేతు నల్లగ, చిన్నగ, నూనె గుడ్డల చుట్టి ఉన్నది. "మా బాపుకు మాట ఇచ్చిన చెల్లె, తీసుకో," అన్నడు. గులాబ్ బీ పిడి పట్టుకొని తిప్పింది. సప్పుడు లేకుండ తిరిగింది. ఇంకోసారి తిప్పింది. ఏడుపు వచ్చింది, దాచుకోలే.

పెట్టె సంకనెత్తుకొని బయటికొస్తుంటే భూపాల్ ఎనుకనే వచ్చిండు. గొంతు తగ్గిచ్చి, ఎవలూ ఇనొద్దని అటిటు చూసి అన్నడు, "గులాబ్ బీ, అయిందేదో అయింది. దుకాణంల నాలుగు వాచీలున్నయ్, గిరాకీలు రేపు వస్తరు. తీస్కపోతవ్ గదా?"

"పంపియ్యి భూపాల్," అన్నది. సేటు అనే మాట ఆమె నోట్లకు రాలే. "ఇప్పటి సంది రిపేరు చీటీ మీద చేసినోళ్ల పేరు ఉంటేనే నేను మూత తీస్త. గులాబ్ బీ అని రాయి. రాసుడు నీతోని కాకుంటే చెప్పు, గది గూడ నేనే చేసిస్త."